మా ఇంట్ల రెండు ఎడమచేతులు

మా జానయ్య మామ పుట్టుకతోనే ఎడమచేతివాడు. మా అమ్మ మారెమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. జడ్చర్ల అవుతల మా పల్లెల ఆయన చిన్నగున్నప్పుడు, ఆ అలవాటు మాన్పియ్యాలని మా అవ్వ బిక్షమ్మ చెయ్యని పని లేదట. అన్నానికి కూసుంటే ఎడమచెయ్యిని నడుముకు ఆనిచ్చి తువ్వాలతోని కట్టేసేది. కట్టు ఊడదీసి ఆ చేత్తోనే ముద్ద తీస్తే తెడ్డుతోని ఏళ్ల మీద కొట్టేది. "రేపు పదిమందిల కూసుంటే తల్లి ఏం నేర్పిందని నన్నే అంటరు" అనేది.

కొట్టంగ కొట్టంగ మామ కుడిచేత్తో తినుడు నేర్సుకుండు. దండం పెట్టుడు, ఎవరికన్న ఏమన్న అందిచ్చుడు, ఏసు గుడిల అయ్యగారి దగ్గర రొట్టె తీసుకునుడు, అన్నీ కుడిచేత్తోనే. పనికాడ మాత్రం ఎవ్వరి మాట ఇనలె. గొడ్డలి పట్టినా సమ్మెట పట్టినా ఎడమచేతి వాటమే. కొడవలి కుడిచేతోళ్లకు చేసింది గద, దాని పండ్లు ఈయన చేతిల ఎదురు తిరిగేటియి. అందుకని కమ్మరాయన కొలిమికాడ ఒక పూటంత కూసోని ఎదురుపండ్ల కొడవలి చేపిచ్చుకుండట. ఊర్లె ఆ కొడవలిని ఇంకెవ్వరు ముట్టకపోదురు.

నాకు ఆరేండ్లప్పుడు వానలు పడక మా పల్లె నుంచి చానమంది బతుకపోయిన్రు. కృష్ణ మీద ప్రాజెక్టు మొదలైందని, దేవరకొండ అవుతలి గుట్టలల్ల రాయి తీసే క్వారీలు పడ్డయని తెలిసి మేమూ పోయినం. బాపు, అమ్మ, నేను, జానయ్య మామ. అవ్వ రానన్నది. ఇల్లు ఇడిసిపెడితే కప్పు కూలిపోతదని ఆమె భయం.

క్వారీల మా బాపు యోహాను, జానయ్య మామ జోడీ. రాతిల పేల్చే మందు కూరెతందుకు మోచెయ్యంత లోతు బొక్క కొట్టాలె. ఒకలు కింద కూసోని పొడుగు ఉలిని రెండు చేతులతోని నిలవెట్టి పట్టుకోవాలె. ఇంకొకలు నిలవడి సమ్మెటతోని దాని నెత్తి మీద కొట్టాలె. దెబ్బ పడ్డంక ఉలిని జర తిప్పాలె, మళ్ల దెబ్బ. పట్టేటోని పానం కొట్టేటోని చేతిల ఉంటది. బాపు పట్టేటోడు, మామ కొట్టేటోడు. ఉలి తిప్పినప్పుడల్ల బాపు "ఊఁ" అనేటోడు. ఆ మాట ఇని మామ సమ్మెట లేపేటోడు. అట్ల పొద్దంత ఒకే తీరుగ నడిచేది. బాపు పైకి సూడకపోయేది. సూడాలని ఆయనకెన్నడు అనిపియ్యలె.

అక్కడ మామ ఎడమచేతికి మొదటిసారి ఒక ఇలువ వచ్చింది. గుట్టకు ఆనుకొని ఉన్న తావుల, మెట్ల లెక్క కోసిన రాతి అరుగు కొసలమీద కుడిచేతోళ్లకు సమ్మెట తిప్పెతందుకు జాగ ఉండకపోయేది. "ఆ ఎడమచేతోన్ని పిలువుండ్రి" అని మేస్త్రి గాలయ్య కేకేసేటోడు. మామ పోయి ఎడమ భుజం మీదికెల్లి సమ్మెట తిప్పి, ఇంకొకలు మూడు రోజులు చేసే పని ఒక్కరోజుల చేసేటోడు. గుడిసెకొచ్చినంక అమ్మతోని, "అక్కా, మన అమ్మ గిది ఒక్కసారి సూస్తే బాగుండు" అని నవ్వేటోడు.

రెండేండ్లు అట్ల గడిచింది.

యాభైతొమ్మిదిల క్వారీకి కొత్త అరుగు తెరిసిన్రు. కంట్రాక్టరు కుటుంబంతోని కార్ల వచ్చిండు. రాతికి పసుపు పూసి, బొట్లు వెట్టి, కొబ్బరికాయ కొట్టిన్రు. పని శురు చేసే మూడు దెబ్బలు మంచి జోడీతోని కొట్టియ్యాలని గాలయ్య మా బాపును, మామను పిలిచిండు. నేను అమ్మ కొంగు పట్టుకొని కూలోళ్ల నడుమ నిలవడ్డ. మా వాళ్లను పిలిచిన్రని నాకు మస్తు సంబురం.

బాపు కూసోని ఉలి పట్టిండు. మామ సమ్మెటను ఎడమ భుజం మీదికి లేపిండు.

"ఏయ్, ఆగు!" అన్నడు కంట్రాక్టరు. ఆయనది కోస్తా. "శుభమా అని పని మొదలుపెడుతుంటే ఎడంచేత్తో కొడతావేంట్రా?"

మామ సమ్మెట దించిండు. "దొరా, నాకు గిదే అలవాటు" అన్నడు.

గాలయ్య మేస్త్రి దగ్గరికొచ్చి చిన్నగ చెప్పిండు. "మూడు దెబ్బలే గదరా. కుడిచేత్తో కొట్టు. తర్వాత నీ ఇష్టం."

మామ బాపు దిక్కు సూసిండు. ఆయన మొఖంల వొద్దన్న మాట కనవడుతనే ఉన్నది. కాని బాపు నవ్విండు. "కొట్టురా జానా. మూడే గద. పట్టుకున్నది నేను గద" అన్నడు. అని, కుడి భుజం మీదికెల్లి వచ్చే సమ్మెటకు సరిపోయేటట్టు జరిగి కూసున్నడు.

మొదటి దెబ్బ సక్కగనే పడ్డది. రెండోది గుడ పడ్డది. కంట్రాక్టరు పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. మూడో దెబ్బకు సమ్మెట ఉలి కొసకు తాకి జారింది. బాపు కుడిచేతి మణికట్టు మీద పడ్డది.

బాపు మొత్తుకోలె. ఉలి ఇడిసిపెట్టి, తన చెయ్యి దిక్కు ఎవరిదో చెయ్యి సూసినట్టు సూసిండు. మొత్తుకున్నది మామ. నా చెవుల్ల ఇప్పటికీ ఆ మొత్తుకోలే ఉన్నది.

రాళ్ల లారీల ఎక్కిచ్చుకొని ముందు దేవరకొండకు, ఆడికెల్లి మా పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకపోయిన్రు. లోపల ఎముకలు పిండైనయని డాక్టరమ్మ చెప్పిందట. నాలుగు దినాలకు చెయ్యి నల్లవడ్డది. మోచేతికి జానెడు కింద తీసేసిన్రు. అమ్మ, మామ దవాఖాన బయట ఇరవైరెండు రోజులు చెట్టు కిందనే ఉన్నరు. మామ లోపలికి ఒక్కసారి పోయిండట. బాపు గోడ దిక్కు తిరిగి పండుకుండట. మామ మళ్ల పోలె.

క్వారీకాడి గుడిసెకొచ్చినంక బాపు మామతోని మాట్లాడుడు బంద్ పెట్టిండు. తిట్టలె, కొట్టలె. మామ లోపలికి వస్తే, ఆ జాగల ఎవరు లేనట్టు కూసునేటోడు.

అంతకన్న పెద్ద కష్టం తిండికాడ వచ్చింది. మిగిలింది ఎడమచెయ్యి. కడుక్కునే చెయ్యి, తినే చెయ్యి ఒక్కటే అయింది. బాపు ఆ చేత్తో ముద్ద ముట్టనన్నడు. అమ్మ కలిపి నోట్లె పెట్టేది. నాలుగు ముద్దలు తిని మొఖం తిప్పుకునేటోడు. ఒకనాడు పక్క గుడిసె సాలమ్మ ఏదో అడగనీకి లోపలికొచ్చి, అమ్మ తినిపిస్తుంటే సూసి ఎనుకకు పోయింది. ఆ దినం నుంచి బాపు అమ్మ చేత్తో తినుడు గుడ బంద్ చేసిండు. ఒంటరిగ కూసోని, జొన్న గటక ఉన్న గిన్నెను మోకాళ్ల నడుమ పెట్టుకొని, వంగి మూతితోని తాగేటోడు. నేను తలుపు సందుకెల్లి సూసిన. సూడకుంటే బాగుండు.

ఆ మాట నేనే అవుతలి గుడిసెల ఉంటున్న మామకు చెప్పిన. తెల్లారి మామ తన గిన్నె తీసుకొని మా గుడిసెకొచ్చిండు. బాపుకు ఎదురుంగ కూసున్నడు. అమ్మ ఇద్దరికీ గటక పెట్టింది. మామ కుడిచెయ్యిని ఈపు ఎనుకకు పెట్టుకొని, ఎడమచేత్తో కలిపి తినుడు మొదలువెట్టిండు. అవ్వ తెడ్డు దెబ్బలతోని మరిపిచ్చిన చెయ్యి అది. పదిహేనేండ్లు కుడిచేత్తో తిన్న మనిషికి ఆ చేతిల ముద్ద సక్కగ నిలవలె. గడ్డం మీద పడ్డది, లాగు మీద పడ్డది. అయినా గిన్నె ఒడిసేదాక తిన్నడు, లేసి పోయిండు.

అమ్మకు కోపమొచ్చింది. "ఆయన్ను ఎక్కిరిచ్చెతందుకు వచ్చినవారా తమ్మి?" అని బయటికిపోయి అడిగింది.

"ఎక్కిరిచ్చుడు కాదక్కా" అన్నడు మామ. "ఒక్కడే తింటే సిగ్గు. ఇద్దరం తింటే సిగ్గెందుకు?"

రోజూ వచ్చేటోడు. ఆరో దినమో ఏడో దినమో బాపు ఎడమచెయ్యి గిన్నెల పెట్టిండు.

తర్వాత ఒక్కొక్కటి అట్లనే నేర్సుకుండు. మామ ఎదురుంగ కూసోని ఒక్క ఎడమచేత్తో అంగీ గుండీలు పెట్టుకునేటోడు, అగ్గిపెట్టెను కాలి ఏళ్ల నడుమ ఇరికిచ్చి పుల్ల గీసేటోడు, లుంగీని పండ్లతోని పట్టుకొని ముడేసేటోడు. బాపు సూడనట్టు సూసేటోడు. మామ పోయినంక తాను చేసేటోడు. ఒక్క మాట ఉండేది కాదు. ఏడాది దగ్గరికి వచ్చింది, మాట లేదు. మామ సమ్మెట గుడ మళ్ల ముట్టలె. తట్టలు మోసే పనికి దిగిండు. గాలయ్య రెండు మూడు సార్లు వచ్చి బతిమాలిండు. కొసలమీద కొట్టేటోడు లేడని మొత్తుకుండు. "నాకు రాదు మేస్త్రీ" అని ఒక్కటే మాట అనేటోడు మామ.

ప్రాజెక్టు ఆఫీసర్ల కాలోనిల మొహియుద్దీన్ సాబ్ అని ఒక ఇంజనీరు ఉండె. హైదరాబాదు పట్నపాయన. విలాయత్ల సదువుకొని వచ్చిండు. కాలోని ఎనుక మొరం నేలను సాపు చేపిచ్చి గోల్ఫు ఆడేటోడు. గడ్డి మొలవని నేల అది. ఆరు తావుల ఇసుకల నూనె కలిపి పరిపిచ్చి, నడుమ డబ్బాలు పూడిపిచ్చిండు. కర్రతోని కొట్టి ఆ డబ్బాలల్ల తెల్ల గుండు ఏసుడే ఆట. పిల్లలు పుల్లను కర్రతోని కొట్టి ఆడే ఆట లెక్కనే ఉన్నదని కూలోళ్లు దాన్ని సాబు చిర్రగోనె అనేటోళ్లు. ఆయన గుడ ఎడమచేతాయనే. ఆయన కర్రలకు ఇనుప మొఖం అవుతలి దిక్కు ఉంటుండె. కాలోనిల మిగిలిన ఆఫీసర్లు వాటిని పట్టుకొని సూసి, "మాకు పనికిరావు సాబ్" అని నవ్వి ఇచ్చేసేటోళ్లట.

బాపు సంగతి తెలిసి సాబ్ పిలిపిచ్చిండు. ఇసుక ఊడ్సి సాపు చేసుడు, జెండాలు పాతుడు, దూరం పోయిన గుండ్లు దేవులాడి తెచ్చుడు, గా పని ఇచ్చిండు. మొదటి దినం బాపుకు అన్నం తీసుకొని నేను పోయిన. సాబ్ రాయి మీద కూసోని బాపుతోని మాట్లాడుతుండు.

"ఫికర్ చెయ్యకు యోహాన్. చిన్నప్పుడు మా మౌల్వీసాబ్ నా ఎడమచేతి మీద బెత్తంతోని కొట్టేటోడు. ఇప్పటికీ కుడిచేత్తోనే రాస్త, కుడిచేత్తోనే తింట. గీ ఆటొక్కటే నాది."

తర్వాతి నెలల ఒకనాడు సాబ్ ఒక కర్ర బాపు చేతిల పెట్టి కొట్టమన్నడు. ఒంటిచేత్తో ఎట్ల కొడుతడని బాపు నవ్విండు. మొదట ఇరవై సార్లు మొరమే లేసింది. ఇరవైఒకటోసారి గుండు లేసి, జెండా దాటిపోయి తుమ్మపొదల పడ్డది. బాపు ఆ దిక్కు సూస్తనే నిలవడ్డడు. చెయ్యి పోయినంక బాపు మొఖంల కళ నేను సూసింది ఆనాడే. సాబ్ చప్పట్లు కొట్టి, "ఆ కర్ర నువ్వే ఉంచుకో, రోజు కొట్టు" అన్నడు. సాబ్ లేనప్పుడు గుడ పని అయినంక బాపు పది గుండ్లు కొట్టి ఇంటికొచ్చేటోడు. అమ్మతోని నవ్వుకుంట మాట్లాడుడు మళ్ల మొదలైంది.

ఒక ఐతారం గుడి నుంచి వచ్చినంక బాపు నన్ను పిలిచి, "పొయ్యి మీ మామను పిల్సుకరా. గోల్ఫు జాగకు రమ్మను" అన్నడు.

నేను ఉరికిన. బాపు పిలుస్తుండంటే మామ ముందు నమ్మలె. మూడుసార్లు అడిగిండు. తలకు నీళ్లు రాసుకొని, ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చిండు.

బాపు కర్ర పట్టుకొని నిలవడ్డడు. ఏడాదిన్నర తర్వాత మొదటి మాట మాట్లాడిండు. "రా జానా. గిది ఎడమచేతోళ్లకు చేసిన కర్ర. గిసుంటిది ఉంటదని మనకు తెల్వకపాయె. నువ్వు కొడితే నీళ్ల ట్యాంకి దాటిపోతది. పట్టు."

మామ కర్ర పట్టిండు. దాన్ని అటుతిప్పి ఇటుతిప్పి సూసిండు. ఎడమ భుజం మీదికి లేపి సూసిండు. పానానికి హాయి అనిపిచ్చినట్టుంది, పెదవుల మీద నవ్వొచ్చింది. "మంచిగున్నది బావా" అన్నడు.

బాపు మోకాళ్ల మీద కూసున్నడు. పిడికెడు ఇసుక తీసి చిన్న కుప్ప పోసిండు. దాని మీద గుండు పెట్టి, అది జారుతుంటే ఎడమచేతి ఏళ్లతోని ఆపి పట్టుకొని, "ఊఁ" అన్నడు.

కర్ర కింద పడ్డది. మామ ఉన్నకాడనే మొరం మీద కూసోని, రెండు చేతులు సంకలల్ల పెట్టుకొని చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు.

బాపు దగ్గరికిపోయి భుజం మీద చెయ్యి ఏసిండు. "నేనే కొట్టమన్న గదరా ఆనాడు. గోడ దిక్కు తిరిగి పండుకున్నది నీ మీది కోపంతోని కాదు. నీ మొఖం సూస్తే నాకు ఏడుపొస్తదని. ఇగ మర్సిపో."

"నువ్వు మర్సిపోతవు బావా" అన్నడు మామ. "కొట్టిన చెయ్యి నా కాడనే ఉండె. పొద్దున లేస్తే అదే కనవడుతది."

ఇద్దరు గట్లనే కూసున్నరు. ఎండ ఎక్కినంక ముగ్గురం ఇంటికొచ్చినం. ఆ పూట మామ మా ఇంట్లనే తిన్నడు, బాపుతోని మాట్లాడుకుంట తిన్నడు. అంతా సక్కగైందని అమ్మ గంజి వార్చుకుంట పాట పాడింది.

పది దినాలకు మామ బొంబై పోయే పాలమూరు కూలోళ్ల ఎంబడి పోయిండు. పోయేటప్పుడు అమ్మకు చెప్పిండు. బాపు పనికాడ ఉన్నడు, ఆయనకు చెప్పలె. "బావ మొఖం మీద నవ్వు సూసిన. గంతే సాలు" అన్నడట. పెండ్లి చేస్తం, ఒక్క ఏడాది ఆగు అని అమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. ఆగలె.

అరవైరెండుల మొహియుద్దీన్ సాబ్‌కు బదిలీ అయింది. వచ్చిన కొత్త ఇంజనీరు ఆ నేల మీద సిమెంటు గోదాం కట్టిచ్చిండు. బాపును గోదాముకు చౌకీదారు చేసిన్రు. మామ బొంబై నుంచి ఎవరితోనో రాయిచ్చిన కార్డులు ఏడాదికొకటి, రెండు వచ్చేటియి. అందరు బాగున్నరా, ఊర్లె అమ్మను సూసుకోండ్రి, గంతే ఉండేది.

అరవైఅయిదు ఎండాకాలంల భిక్షం అనే మనిషి మా గుడిసె దేవులాడుకుంట వచ్చిండు. చేతిల చిన్న మూట. బొంబైల మామతోని ఒకే రేకుల షెడ్డుల ఉన్నాయన. మామకు కామెర్లు అయినయని, ముదిరినంక దవాఖానల చేర్పిచ్చినమని, తొమ్మిదోనాడు పోయిండని చెప్పిండు. ఆడనే మట్టి చేసిన్రు.

అమ్మ నేల మీద పడి ఏడుస్తుంటే, బాపు ఆ మనిషికి నీళ్లిచ్చి కూసోవెట్టిండు. "ఎట్ల ఉండేటోడు ఆడ?" అని అడిగిండు.

"మంచోడే. తట్టలు మోసేటోడు. ఎవ్వరి జోలికి పోకపోయేటోడు" అన్నడు భిక్షం. "ఒక్కటే బాధ అన్నా. ఎడమచేత్తో తినేటోడు. పక్కపొంటి కూసునేటోళ్లకు రోత ఉంటది గద. కుడిచేత్తో తినరాదు, అది గుడ మంచిగనే ఉండె గద అని మస్తు చెప్పినం. మా బావ గిట్లనే తింటడు అనేటోడు. దూరం పోయి, ఒక్కడే గోడ దిక్కు తిరిగి తినేటోడు."

"దవాఖానల వాని దగ్గర ఎవరున్నరు?" అన్నడు బాపు.

భిక్షం తల వంచుకుండు. "పనులకు పోతుంటిమి. సందకాడ పోయి సూసి వచ్చేటోళ్లం."

మూటల రెండు అంగీలు, ఒక దువ్వెన, చిన్న బైబిలు ఉన్నయి. మామకు సదువు రాదు. అది ఎవరిదో మాకు తెలిసిరాలె.

అవ్వకు ఎవరు చెప్పాలె అనేకాడికి వచ్చింది. అమ్మ లేసే తీరుగ లేదు. బాపు నన్ను ఎంటవెట్టుకొని పోయిండు. జడ్చర్లల బస్సు దిగి మా పల్లెకు నడిసినం. అవ్వ వాకిట్ల కూసోని చింతగింజలు ఏరుతుంది. బాపు ఆమె ముంగట కూసోని సక్కగ చెప్పిండు. అవ్వ ఇన్నది. చేతిలున్న గింజలు కింద పొయ్యలె. "ఆకలైతుందని ఏమన్న అన్నడా?" అని అడిగింది.

"లేదత్తా. కడుపునిండ తిన్నడట" అన్నడు బాపు.

అవ్వ తల ఊపింది. "మొన్న గాలికి కప్పు గడ్డి లేసిపోయింది, యోహానయ్యా. వానలొస్తే పైన ఎక్కేటోడు లేడు. వాడొస్తడని ఆగిన" అన్నది.

తెల్లారి మేము తిరిగి పోవాలె. గోదాంకాడ బాపుకు ఒక్కరోజే సెలవు. బాపు పోలె. పొద్దున్నే బోదగడ్డి కోపిచ్చి, నిచ్చెన ఏసుకొని ఇంటి కప్పెక్కిండు. ఒంటిచేత్తో నిచ్చెన ఎక్కుడు అంతకుముందు నేనెన్నడు సూడలె. అవ్వ కింద నిలవడి నిచ్చెన పట్టింది. నేను గడ్డి కట్టలు అందిస్తుంటి. బాపు మోకాలితోని కట్టను అదిమిపెట్టి, తాడు కొసను పండ్లతోని గుంజి, ఎడమచేత్తో ముడి ఏసేటోడు. రెండు చేతులున్నోళ్లకు ఒక్కపూట పని. మాకు నాలుగు దినాలు పట్టింది.